ఏడో రేవు మనిషి

రెండోసారి కూడా వాళ్ళు నలుగురూ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయారు.

ఇందుమతి తెర మీద చూస్తోంది. మెదడు బొమ్మ, దాని మీద నాలుగు చుక్కలు. కుడి కణత వెనక బూడిద రంగు మచ్చ ఒకటుంది. చుక్కలు ఆ మచ్చ అంచుకు చేరి అక్కడే ఉండిపోయాయి. అద్దానికి అవతలి గదిలో ఆమె భర్త పురుషోత్తం కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. తలకు తీగల టోపీ ఉంది. కళ్ళు మూసుకుని, తనకు కనిపిస్తున్నది మైకులో చెబుతున్నాడు.

"మంచు. ఏడో రేవు. తలుపు వేసి ఉంది. కంఠీరవుడు కత్తి దించాడు. నక్షత్రితో 'మీరు కానివ్వండి' అంటున్నాడు. ఆవిడ 'అబ్బే, ముందు మీరు' అంటోంది."

"తర్వాత?" అని అడిగింది డాక్టర్ నఫీసా.

"తర్వాతేముంది. నిలబడ్డారు."

పదకొండు నిమిషాలు నిలబడ్డారు. పన్నెండో నిమిషంలో నఫీసా కరెంటు ఆపింది. చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఇందుమతి తన నోటు పుస్తకంలో తేదీ, సమయం రాసి, కింద 'లేదు' అని రాసింది. మొదటిసారి రాసిన 'లేదు' అదే పేజీలో పైన ఉంది.

పురుషోత్తానికి ఏడాది కిందట మెదడు వాపు జ్వరం వచ్చింది. బతికాడు. మాట పోలేదు, నడక పోలేదు. మనుషులు పోయారు. తల్లి ఫోటో చూపిస్తే ఎవరో పెద్దావిడ అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన భార్యను 'సిస్టర్' అంటున్నాడు. ఆస్పత్రిలో కళ్ళు తెరిచినప్పుడు పక్కన ఉన్నది ఆమె కాబట్టి నర్సు అనుకున్నాడు. కాదని చెప్పినప్పుడల్లా తల ఊపేవాడు. గంట తర్వాత మళ్ళీ సిస్టర్ అనేవాడు.

తాను రాసిన, చదివిన కథల్లోని మనుషులు మాత్రం మిగిలారు. మంగళగిరి కొండ దగ్గరున్న ఈ పరిశోధన కేంద్రంవాళ్ళకు కావలసింది అదే. కళ్ళతో చూసిన మనుషులు మెదడులో ఒకచోట ఉంటారు. ఏళ్ళ తరబడి చదివి, ఊహించి రాసిన మనుషులు వేరేచోట ఉంటారు. ఆ రెండో చోట ఉన్న పాత్రను సన్నటి కరెంటుతో లేపి, పాత కథలో దాని మాటలు చెవిలో చదివితే, అది లేచి నడుస్తుంది. అది నడిచిన దారి పొడుగునా పక్క జ్ఞాపకాలు మేలుకుంటాయి. బూడిద మచ్చలోకి వెళ్ళి ఒక్క ముఖాన్ని లేపగలిగితే మిగతా ముఖాలు దాని వెంట వస్తాయి. ఒంటరి పాత్ర సగం దారిలో అలిసిపోతుంది. జట్టుగా పంపాలి. తెనాలి నుంచి వచ్చిన ఒక రంగస్థల నటుడికి, ఆయన వేసిన వేషాలు నాలుగు కలిసి వెళ్ళి ఆయన తమ్ముడి ముఖాన్ని వెనక్కి తెచ్చాయి. ఇంతవరకు ఐదుగురికి చేశారు. ఇద్దరికి ఫలించింది.

నాలుగుసార్లకు మించి చేయకూడదు. ఐదోసారి కరెంటు పెడితే మళ్ళీ వాపు వస్తుంది. ఇంకో రెండు నెలలు దాటితే ఆ మచ్చ గట్టిపడిపోతుంది. తర్వాత ఎవరు వెళ్ళినా ప్రయోజనం ఉండదు.

"ఇక రెండున్నాయమ్మా" అంది నఫీసా. ఆమెకు నలభై రెండేళ్ళు. గుంటూరు మనిషి. ఓడిపోయిన రోజున ఇంకాస్త తగ్గి మాట్లాడుతుంది. "జట్టు మళ్ళీ చూడండి. వీళ్ళకు ఒకరంటే ఒకరికి పడదేమో."

జట్టు ఎంపిక ఇందుమతిదే. అలా ఎందుకయిందంటే, ఆ లోకాన్ని పురుషోత్తం ఒక్కడే రాయలేదు. విజయవాడ ఏలూరు రోడ్డులో మేడమీద నడిచిన 'చుక్కాని' వారపత్రికలో ఆరుగురు రచయితలు పదిహేడేళ్ళు కలిసి రాశారు. ఒకే సముద్రం, ఏడు రేవులు. ఒక్కో రచయితకు ఒక్కో రేవు. ఎవరి రేవులో వాళ్ళ సీరియల్ నడిచేది. ఒకరి పాత్రలు ఇంకొకరి రేవుకు వెళ్ళి వస్తుండేవి. ఏడో రేవు ఎవరిదీ కాదు. అటు వెళ్ళిన ఓడలు తిరిగి వచ్చేవి కావు. పురుషోత్తానికి ఇప్పుడు ఆ బూడిద మచ్చ ఏడో రేవులా కనిపిస్తోంది. పత్రిక పెట్టినప్పటి నుంచి మూసేదాకా ఇందుమతి అందులో ప్రూఫ్‌రీడరు. రెండు వందల పన్నెండు పాత్రల వయసు, ఊరు, ఆయుధం, మాట తీరు ఆమెకు తెలుసు. ఒక పాత్రకు పత్రిక మూడో ఏట ఎడమ చేతి మీదున్న మచ్చ తొమ్మిదో ఏట కుడి చేతి మీదకు మారితే పట్టుకున్న మనిషి.

అందుకని ఆమె మంచివాళ్ళనే ఏరింది. పోరాటానికి కోటరేవు కంఠీరవుడు. దారి చెప్పడానికి చుక్కలు చదివే నక్షత్రి. గాయాలకు వైద్యుడొకడు, తాళాలకు దొంగ ఒకతె. నలుగురూ నాలుగు రేవుల్లో మొదటి వరస వీరులు. మొదటిసారి వాళ్ళే వెళ్ళారు. రెండోసారి వైద్యుణ్ణి, దొంగను మార్చి, కథల్లో కంఠీరవుడితో స్నేహంగా ఉన్నవాళ్ళను పెట్టింది. ఫలితం అదే.

ఇంటికి వెళ్ళే కారులో పురుషోత్తం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వారధి మీదకు వచ్చాక, "సిస్టర్, మీకు ఈ డ్యూటీ దూరం కదా" అన్నాడు.

"అలవాటైంది" అంది ఇందుమతి.

సత్యనారాయణపురంలో వాళ్ళ ఫ్లాటు రెండో అంతస్తులో. రోజూ సాయంత్రం ఆరున్నరకు ఆమె పాత్రల పేర్లు చదివేది. అతను ఎవరో చెప్పేవాడు. పరిశోధన కేంద్రం అడిగిన పరీక్ష అది. వాడిన పాత్ర అరిగిపోతుందని నఫీసా ముందే చెప్పింది. కాగితం మీద సంతకం కూడా తీసుకుంది. సంతకం పెట్టేటప్పుడు ఇందుమతి దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. అచ్చులో ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయి అనుకుంది.

"కంఠీరవుడు?"

"ఎవరో పహిల్వాను అయ్యుంటాడు."

"నక్షత్రి?"

అతను కాసేపు ఆలోచించాడు. "తెలీదు సిస్టర్. మీ స్నేహితురాలా?"

నక్షత్రి ఓడ మునిగిన వారం అతను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ పాత్ర అతనిది కూడా కాదు. ఇందుమతి ఆ పేరు ఎదురుగా సున్నా చుట్టింది.

మూడోసారికి నఫీసా ఒక మాట చెప్పింది. పరాయి రచయితల వీరులు ఎందుకు, ఆయన సొంత పాత్రలనే పంపుదాం అంది. పురుషోత్తం రేవు పేరు సున్నపురేవు. దానికి పెద్ద సరంగు పోలయ్య. ఓడను ముంచేవాడూ తేల్చేవాడూ వాడే. పదిహేడేళ్ళలో ఎవరి మాటా వినలేదు. పోలయ్యను, వాడి ముగ్గురు మనుషులను ఎంచారు. ఈసారి ఇందుమతికి ధైర్యంగా ఉంది. మర్యాదలు చెప్పుకునే రకం కాదు వాళ్ళు.

బుధవారం ఉదయం పదీ నలభైకి కరెంటు పెట్టారు. చుక్కలు గబగబా కదిలాయి. మచ్చ అంచుకు నాలుగు నిమిషాల్లో చేరాయి. ఆగాయి.

"పోలయ్య తలుపు మీద చెయ్యి వేశాడు" అన్నాడు పురుషోత్తం. "చెయ్యి తీసేశాడు. తనవాళ్ళతో చెబుతున్నాడు. 'ఒరే, మనం ఇక్కడ అతిథులం. ముడి విప్పేది మనం కాదు. ఈ రేవు మనిషి రావాల.'"

నఫీసా అర్థం కాక ఇందుమతి వైపు చూసింది. ఇందుమతికి అర్థమైంది. చెవులు వేడెక్కాయి. నోటు పుస్తకంలో పైనున్న రెండు 'లేదు'లు చూసింది.

చుక్కాని రెండో ఏట ఒక గొడవ జరిగింది. బుద్ధవరపు లక్ష్మీపతి అనే రచయిత తన కంఠీరవుణ్ణి ఇంకొకరి రేవుకు పంపాడు. కంఠీరవుడు వెళ్ళిన వారమే అక్కడి ప్రతినాయకుణ్ణి నరికేశాడు. ఆ రేవు రచయిత ఇంకా పది వారాలు కథ నడపాలి. ఏం రాయాలో తెలియక ఆఫీసుకు వచ్చి బల్ల మీదున్న సిరాబుడ్డి విసిరాడు. ఆ తర్వాత సంపాదకుడు ఒక అట్ట మీద నియమం రాయించి గోడకు తగిలించాడు. పరాయి రేవుకు వెళ్ళిన పాత్ర అతిథి. అతిథి సాయం చేయవచ్చు, కథ ముడి విప్పకూడదు. ముడి విప్పేది ఆ రేవు మనిషే.

ఆ నియమాన్ని పదిహేనేళ్ళు కాపలా కాసింది ఇందుమతి. రచయితలు మరిచిపోయేవాళ్ళు. ఆమె మరిచిపోలేదు. అతిథి చేత ముడి విప్పించిన ప్రతి పేరా మీద ఎర్రసిరాతో అడ్డగీత కొట్టి వెనక్కి పంపింది. పురుషోత్తానికే పద్నాలుగుసార్లు పంపింది. పోలయ్యకు ఆ మాట నేర్పింది ఆమె గీతలే. మూడుసార్లు ఆ మాట మైకులో వినిపించింది. వాళ్ళు 'మీరు కానివ్వండి' అంటుంటే ఆమె స్పర్ధ అనుకుంది. కంఠీరవుణ్ణి, నక్షత్రిని, మూడు అవకాశాలను ఖర్చు పెట్టింది.

ఆ రోజు కారులో అతను ఏదో అడిగితే ఆమె పలకలేదు. రెండోసారి అడిగాడు. "నోరు మూసుకుని కూర్చోండి కాసేపు" అంది. పెళ్ళయ్యాక ఆ మాట చాలాసార్లు అంది. అతను ఎప్పుడూ తిరిగి ఏదో ఒకటి అనేవాడు. ఈసారి, "సారీ సిస్టర్, మీరు అలిసిపోయారు" అన్నాడు. ఆమెకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఆమె ఒక ప్రయత్నం చేసింది. కాగితం మీద రాసుకుని చదివింది. చుక్కాని రచయితలకు గమనిక. ఇకమీదట అతిథి పాత్రలు కూడా ముడి విప్పవచ్చును.

పురుషోత్తం గ్లాసు కింద పెట్టాడు. "అలా ఎలా కుదురుతుంది సిస్టర్? అతిథి అతిథే. మా ప్రూఫ్‌రీడరు ఒప్పుకోదు."

"ఎవరా ప్రూఫ్‌రీడరు?"

అతను నుదురు రుద్దుకున్నాడు. "ఎవరో ఉండాలి" అన్నాడు.

నఫీసాకు ఫోన్ చేస్తే ఆమె కూడా అదే చెప్పింది. కొత్తగా చెప్పినవి ఆ పాత దారుల్లోకి ఎక్కవు. ఏళ్ళ తరబడి చదివి, రాసి, తిరగరాసినవే ఎక్కుతాయి. నియమం మార్చలేం. ఏడో రేవుకు చెందిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరంది ఇందుమతి. పాత సంచికలన్నీ తిప్పింది. ఏడో రేవులో ఓడలు మునిగాయి. మనుషులు పుట్టలేదు.

ఆరుగురు రచయితల్లో పురుషోత్తం కాక మిగిలింది లక్ష్మీపతి ఒక్కడే. గుణదలలో ఉంటాడు. డెబ్బై నాలుగేళ్ళు. ఇందుమతి వెళ్ళేసరికి వరండాలో కూర్చుని మోకాలికి ఏదో నూనె రాసుకుంటున్నాడు. జరిగింది అంతా విన్నాడు. కంఠీరవుడు పురుషోత్తం తలలోంచి పోయాడని చెప్పడానికి ఆమె ఇబ్బంది పడింది.

"పోతే పోయాడు" అన్నాడు లక్ష్మీపతి. "నాకు మాత్రం ఎవడు గుర్తున్నాడు? కానీ అమ్మాయ్, నా వీరుణ్ణి గుమ్మంలో నిలబెట్టి 'ముందు మీరు' అనిపించావు చూడు, అది మాత్రం నేను క్షమించను. నరకడం తప్ప వాడికేం వచ్చు? ఆ ఒక్కటీ నువ్వు మాన్పించావు."

"గొడవ మొదలెట్టింది మీరు."

"నేనే. ఆ సిరా మరక పడ్డ చొక్కా ఇంకా ఉంది." నూనె సీసా మూత పెట్టాడు. "ఏడో రేవులో ఎవరూ లేరంటావేంటి? ఒకతె ఉండేది కదా. గంట కొట్టేది."

ఇందుమతి కుర్చీలో ముందుకు జరిగింది.

"మర్చిపోయావా? పేజీ కట్టేటప్పుడు కాలమ్ చివర మూడు నాలుగు పంక్తులు ఖాళీ వస్తే వేసేవాళ్ళు. 'ఏడో రేవులో ఇవాళ మంచు. గంట కొట్టే ఆమె మూడుసార్లు కొట్టింది. ఎవరూ రాలేదు.' అలాంటివి. ప్రెస్సు ఫోర్‌మన్ రాసేవాడు. ఊళ్ళో జనానికి మా సీరియళ్ళ కంటే అవే బాగుండేవి. మాకు ఒళ్ళు మండేది."

"ఫోర్‌మన్ కాదండీ" అంది ఇందుమతి. "నేను రాశాను."

లక్ష్మీపతి నూనె సీసా పక్కన పెట్టాడు. "నువ్వా" అన్నాడు. "ఇన్నేళ్ళూ చెప్పలేదే."

చెప్పవలసిన పని రాలేదు. ప్రూఫ్‌రీడరు రాయకూడదు. ఖాళీ వస్తే పూడ్చాలి, ప్రెస్సు ఆగకూడదు, అందుకని పూడ్చింది. నూట నలభై దాకా ఉంటాయి. ఆ మనిషికి పేరు పెట్టలేదు. పాత్ర అనే అనుకోలేదు కాబట్టి రెండు వందల పన్నెండులో ఆమెను చేర్చలేదు. మచ్చ ఏ చేతి మీదుందో చూసిన మనిషి, తాను రాసిన మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

ఒక్కరికి మాత్రం తెలుసు. ముప్పై రెండేళ్ళ కిందట పురుషోత్తం ఒక సంచిక పట్టుకుని ఆమె బల్ల దగ్గరకు వచ్చాడు. పత్రిక మొత్తం మీద ఒక్క అచ్చుతప్పు కూడా లేనివి ఈ నాలుగు పంక్తులే, కాబట్టి ఇవి మీరే రాసి ఉంటారన్నాడు. ఆమె కాదనలేదు. ఆ గంట విని ఒక పడవ వస్తే మీరు ఒప్పుకుంటారా అని అడిగాడు. అతిథిగా వస్తే ఒప్పుకుంటానంది. ఐదు నెలలకు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. రెండు వైపుల పెద్దవాళ్ళూ రాలేదు. సాక్షుల్లో ఒకడిగా లక్ష్మీపతి సంతకం పెట్టాడు.

శనివారం నఫీసా ఆ పంక్తులు పురుషోత్తం చెవిలో చదివి, కరెంటు పెట్టకుండా ఉత్త బొమ్మ తీసింది. సూదిమొనంత చుక్క ఒకటి కనిపించింది. మచ్చకు ఇవతల కాదు, సరిగ్గా అంచు మీద ఉంది. ఇన్నాళ్ళు దాన్ని తెర మీది మరక అనుకున్నారు.

నఫీసా తెర ఆర్పేసి కుర్చీ ఇటు తిప్పింది.

"ఇది చిన్నదమ్మా. మిగతావాళ్ళు రెండుసార్లకు ఆరారు. ఈమె ఒక్కసారికే ఆరిపోతుంది. వెలిగించామంటే ఇక ఉండదు."

"ఆమె ఆరిపోతే ఆయనకు నేను ఉంటానా?"

"తలుపు తెరుచుకుంటే మీ ముఖం ఉంటుంది. పేరు ఉంటుంది. మీరు ఎవరో తెలుస్తుంది. కానీ ఆమెను పట్టుకుని వేలాడుతున్న జ్ఞాపకాలు కొన్ని ఉంటాయి కదా. అవేంటో నాకు తెలీదు. మీకు తెలిసుండాలి. అవి పోతాయి."

"తిరిగి చెబితే?"

"వింటారు. వేరేవాళ్ళ సంగతి విన్నట్టు వింటారు."

రెండు రోజులు గడువు అడిగి ఇందుమతి ఇంటికి వచ్చింది. మొదటి రోజు ఇల్లు దులిపింది. పుస్తకాల అర సర్దింది. సర్దిన అరనే మళ్ళీ సర్దింది. కోరుకోవడానికి రెండే ఉన్నాయి. తనను తెలియని మనిషి తలలో తన గంట మోగుతూ ఉండడం ఒకటి. తనను తెలిసిన మనిషి తలలో ఆ గంట లేకపోవడం ఒకటి. మొదటి దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అయినా దాన్ని వదలబుద్ధి కాలేదు. తన మీద తనకే విసుగు వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర పురుషోత్తం, "మీకు పెళ్ళయిందా సిస్టర్?" అని అడిగాడు.

"అయింది."

"ఆయన ఏం చేస్తారు?"

"కథలు రాసేవారు."

"పాపం" అన్నాడు పురుషోత్తం. పెరుగు గిన్నె తన వైపు జరుపుకున్నాడు. "పగలంతా ఇక్కడే ఉంటారు. ఆయనకు అన్నం ఎవరు పెడతారు?"

ఇందుమతి చెయ్యి కడుక్కుని నఫీసాకు ఫోన్ చేసింది. చేద్దామంది.

ఆఖరి జట్టు విషయంలో ఆమె మళ్ళీ పొరపాటు చేయదలుచుకోలేదు. గంట కొట్టే ఆమె ఆ రేవు మనిషి. ఆమెకు తోడు ముగ్గురు కావాలి. ఈసారి వీరులను చూడలేదు. పోట్లాడేవాళ్ళు, శాసించేవాళ్ళు, పేరున్నవాళ్ళు వద్దనుకుంది. ద్విభాషి తిమ్మనను తీసుకుంది. వాడు సొంతమాట మాట్లాడడు, ఒకరి మాట ఇంకొకరికి చేరుస్తాడు. చెప్పిన తాళం తప్ప ఇంకో తాళం ముట్టని చిలకమ్మను తీసుకుంది. మూడో పేరు చూసి నఫీసా తల ఎత్తింది.

"ఓడ వంటవాడా?"

"అప్పన్న. పదిహేడేళ్ళలో ఒక్కసారి కూడా ముందుకు దూకలేదు. పట్టుకోమంటే పట్టుకుంటాడు."

"దీపమా?"

"ఏదైనా."

గురువారం ఉదయం తొమ్మిదీ యాభైకి మొదలుపెట్టారు. ఇంతకుముందు మూడుసార్లూ కథ చదివింది రికార్డు చేసిన గొంతు. ఈసారి ఇందుమతి మైకు దగ్గర కూర్చుని తానే చదివింది. నాలుగేసి పంక్తులు. ఎక్కడా గొంతు మార్చలేదు. ముగ్గురు అతిథుల చుక్కలు ముందు కదిలాయి. సూదిమొన చుక్క ఆరు నిమిషాల దాకా కదలలేదు. నఫీసా కరెంటు కొద్దిగా పెంచింది.

"మంచు" అన్నాడు పురుషోత్తం. "గంట వినిపిస్తోంది. మూడుసార్లు. తిమ్మన అడుగుతున్నాడు, 'ఎవరి రేవమ్మా ఇది' అని."

ఇందుమతి ఇంకో నాలుగు పంక్తులు చదివింది.

"ఆవిడ 'నాది' అంటోంది. గంట తాడు అప్పన్న చేతికిచ్చింది. వాడు కొడుతున్నాడు. చిలకమ్మకు తాళం చూపిస్తోంది. చిలకమ్మ తీసింది. చిలకమ్మ, తిమ్మన పక్కకు జరిగారు. ఆవిడ ఒక్కతే తలుపు తోస్తోంది."

తెర మీద చిన్న చుక్క మచ్చలోకి వెళ్ళింది. అది వెళ్ళిన దారి బూడిద రంగులో సన్నటి గీతలా మిగిలింది. గీత చివర ఇంకేదో వెలిగింది. దాని పక్కన ఇంకొకటి. చుక్క ఆగింది. తర్వాత లేదు.

"ఎవరూ కనిపించడం లేదు" అన్నాడు పురుషోత్తం. "గంట ఆగింది."

పదీ పన్నెండుకు టోపీ తీశారు. అతను కళ్ళు తెరిచి పైకప్పు చూశాడు. నఫీసాను చూశాడు. అద్దం దాటి లోపలికి వచ్చిన ఇందుమతిని చూశాడు. ఆమె కుర్చీకి రెండడుగుల దూరంలో ఆగింది.

"ఇందూ" అన్నాడు. "ఏంటిలా చిక్కిపోయావు?"

ఆమె నోటు పుస్తకంలో తేదీ, సమయం రాసింది. ఏం రాయాలో తెలియక అంతటితో ఆపింది.

తర్వాతి ఆరు వారాల్లో ముఖాలు వచ్చాయి. తల్లి వచ్చింది. అన్న వచ్చాడు. పక్క ఫ్లాటువాళ్ళు, కూరల బండి ఆవిడ వచ్చారు. నలభై ఫోటోల్లో ముప్పై మూడు గుర్తుపట్టాడు. నఫీసా సంతోషించింది. ఇందుమతి కూడా సంతోషించింది. పొద్దున లేవగానే 'ఇందూ' అనే పిలుపు కోసం వంటగదిలో కాసేపు ఆగేది. అది వినిపించాకే పాలు పొయ్యి మీద పెట్టేది.

పెళ్ళి అయిందని అతనికి తెలుసు. ఎలా అయిందో తెలియదు. ఒకసారి ఆమె గంట సంగతి చెప్పింది. బల్ల దగ్గరకు వచ్చిన రోజు, పడవ గురించి అతను అడిగిన మాట, అంతా. అతను శ్రద్ధగా విన్నాడు. "బాగుంది" అన్నాడు. "ఆ గంట కొట్టే ఆమె వల్ల కథ నడుస్తుంది. ఎవరు రాశారు?" ఆమె ఆ సంచిక తెచ్చి అతని ముందు పెట్టింది. అతను చదివి, ఆ మూడో వాక్యం అక్కర్లేదేమో అన్నాడు. ఆమె సంచిక తీసుకెళ్ళి అరలో పెట్టేసింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఒక ఆదివారం లక్ష్మీపతి భోజనానికి వచ్చాడు. పురుషోత్తం అతన్ని మెట్ల మీదే గుర్తుపట్టి చెయ్యిచ్చి పైకి తీసుకొచ్చాడు. ఇద్దరూ పాత గొడవలు తవ్వుకున్నారు. లక్ష్మీపతి పేర్లు చెబుతుంటే పురుషోత్తం కొన్నింటికి నవ్వాడు, కొన్నింటికి ఊరికే తల ఊపాడు. కంఠీరవుడి పేరు వచ్చినప్పుడు లక్ష్మీపతి మాట మార్చాడు.

ఆకుల ముందు కూర్చున్నాక లక్ష్మీపతి మామూలుగానే అడిగాడు. "మీ పెళ్ళి గుర్తొచ్చిందా మరి?"

"రాకేం" అన్నాడు పురుషోత్తం.

ఇందుమతి కూర వడ్డిస్తూ చెయ్యి ఆపింది.

"వీళ్ళ మేనత్త తెచ్చిన సంబంధం. నేను ఒప్పుకోలేదు మొదట. రాతగాళ్ళకు పెళ్ళేంటన్నాను. మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. సరేనని పెళ్ళిచూపులకు వెళ్తే ఈవిడ వార్తాపత్రిక చదువుతోంది. తల ఎత్తలేదు. కాఫీ ఇస్తూ, మీ పోయిన వారం సీరియల్లో రెండు తప్పులున్నాయంది. అక్కడే పడిపోయాను." అతను నవ్వాడు. "పెళ్ళి పెద్దగానే చేశారు. రెండు వైపులా జనం. నువ్వు కూడా వచ్చావు లక్ష్మీపతీ, వంకాయ కూర గురించి ఏదో గొడవ చేశావు."

అతను తడుముకోలేదు. ఎక్కడా ఆగలేదు. వారం వారం సీరియల్ ముడి బిగించిన మనిషి, ఖాళీ కనిపించిన చోట పూడ్చుకున్నాడు. చక్కగా పూడ్చుకున్నాడు. అతని ముఖంలో అనుమానం లేదు.

లక్ష్మీపతి ముద్ద ఆకులోనే వదిలేసి ఇందుమతి వైపు తిరిగాడు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో వాళ్ళిద్దరి వెనక నిలబడ్డవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఆయన ఒక్కడే.

"అంతేనా అమ్మాయ్?" అన్నాడు మెల్లగా.

పురుషోత్తం కూడా ఆమె వైపు చూశాడు. అడగడానికి కాదు. తను చెప్పింది విన్నావా అన్నట్టు చూశాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. మనసులో ఆ పేరాలు మొదటి నుంచి ఒకసారి చదువుకుంది. అడ్డగీత కొట్టాలంటే మొత్తం కొట్టాలి. కొట్టాక ఆ ఖాళీలో పెట్టడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు.

"మేనత్త కాదు" అంది. "మా పిన్ని తెచ్చింది. నాకు మేనత్తలు లేరు."

"అవును, పిన్ని" అన్నాడు పురుషోత్తం. "పిన్నిగారే. నేనే తప్పు చెప్పాను."